యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) సుప్రసిద్ధ ఆంధ్ర జీవరసాయన శాస్త్రవేత్త, వైద్య శాస్త్రజ్ఞుడు. రక్తంలోను, కణజాలంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే ఫిస్కే - సుబ్బారావు పద్ధతి, కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, ఎటిపి అనే పదార్థాల ఆవిష్కరణ, ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, రక్త క్యాన్సరుకు వాడిన అమైనోప్టెరిన్, మొదటి టెట్రాసైక్లిన్ మందైన ఆరియోమైసిన్ - వీటన్నిటిలోను ఆయన స్వయంగా గాని, పరిశోధక బృందానికి నాయకుడుగా గాని పాలుపంచుకున్నాడు. ఆయన జీవితకాలంలో జన్యుక్రమ నిర్ధారణ అనేదే లేదు. అయినా ఆయన రూపొందించిన కొలత పద్ధతి డీఎన్ఏ, ఆర్ఎన్ఏల పరిమాణాన్ని లెక్కగట్టిన తొలి సాధనాలలో ఒకటి అయింది. కణజాలంలో కొలిచినది జీవిలో నిజంగా ఉన్నదేనా, లేక నమూనాను తయారు చేసేటప్పుడు చెడిపోయి పుట్టినదా అన్న ప్రశ్న ఆయన తొలి ఆవిష్కరణకు దారి చూపింది. నేటి జన్యు పరిశోధనాశాలలలో ప్రతి నమూనాకు వేసే మొదటి ప్రశ్న కూడా ఇదే.

బాల్యం

సుబ్బారావు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నేటి ఆంధ్ర ప్రదేశ్ లోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగం ముందుగానే వదలవలసి రావడంతో కుటుంబం ఆర్థిక ఇబ్బందులలో పడింది. సుబ్బారావు చదువు రాజమండ్రిలో ఒడిదుడుకులతో సాగింది. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదించాలని ఇల్లు వదలి కాశీకి బయలుదేరాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకోవచ్చునని ఆయన ఆలోచన. దారిలోనే పెద్దలు పట్టుకుని వెనుకకు తీసుకువచ్చారు. చదువు విషయంలో తల్లి వెంకమ్మ చాలా పట్టుదల గలది. ఆమె పోరు వలననే ఆయన తిరిగి బడిలో చేరాడు. చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించాలని అనుకున్నాడు. తల్లి అందుకు ఒప్పుకోలేదు. సన్యాసి కాకపోయినా సేవ చేయడానికి వైద్యం మంచి మార్గమని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్య విద్య

1919లో సుబ్బారావుకు శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని వైద్య విద్యకు ఆర్థిక సహాయం చేశాడు. ఆ కాలంలో విదేశీ వస్తువులను బహిష్కరించాలని గాంధీజీ ఇచ్చిన పిలుపునందుకుని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ కు నచ్చలేదు. రాత పరీక్షలలో బాగా రాసినప్పటికీ సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు వైద్య సేవలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు.

ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేవు. విరేచనాలు, తీవ్రమైన రక్తహీనతతో రోగి క్షీణిస్తాడు. అప్పట్లో దీనికి తగిన చికిత్స లేదు. ఈ మరణాలు సుబ్బారావు మనసులో లోతుగా నాటుకున్నాయి. సుమారు పాతికేళ్ళ తరువాత ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఈ వ్యాధికి మందు కావడం గమనించదగిన విషయం.

చదువు ముగిసిన తరువాత ఆయన మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరిశీలించాలనే కోరిక ఆయనకు అక్కడే కలిగింది. అందుకు తగిన శిక్షణ కోసం అమెరికా వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సహాయం, మామగారు సమకూర్చిన సొమ్ము ఆధారంగా 1920ల తొలి సంవత్సరాలలో సుబ్బారావు బోస్టన్ చేరాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ వద్ద చదువుకున్నాడు. ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేయడానికి వీలు లేదు. అందువలన పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రాత్రిపూట కింది తరగతి పనులు చేస్తూ పొట్ట పోషించుకున్నాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో చేరాడు. రక్తం, మూత్రం వంటి ద్రవాలలోని పదార్థాలను రంగు ద్వారా కొలవడంలో పేరు పొందిన ఓటో ఫోలిన్ ఆ విభాగానికి అధిపతి. అక్కడ సుబ్బారావు సైరస్ ఫిస్కే పర్యవేక్షణలో పని మొదలుపెట్టాడు.

ఫిస్కే - సుబ్బారావు పద్ధతి

శరీరంలో భాస్వరం చాలా రూపాలలో ఉంటుంది. ఎముకలలో లవణంగాను, రక్తంలో అకర్బన ఫాస్ఫేటుగాను, కణాలలో కర్బన పదార్థాలతో కలిసియు ఉంటుంది. రికెట్స్, మూత్రపిండాల వ్యాధుల వంటి వాటిలో రక్తంలోని భాస్వరం పరిమాణం మారుతుంది. అయితే 1920లకు ముందు వాడుకలో ఉన్న కొలత పద్ధతులలో రంగు నెమ్మదిగా ఏర్పడేది, త్వరగా వెలిసిపోయేది, నమూనాలోని ఇతర పదార్థాల వలన తప్పు ఫలితాలు వచ్చేవి.

ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించిన పద్ధతి ఈ లోపాలను చాలావరకు తొలగించింది. ముందుగా నమూనాలోని మాంసకృత్తులను ఆమ్లంతో అవక్షేపింపజేసి వడగడతారు. వడగట్టిన ద్రావణానికి ఆమ్ల మాధ్యమంలో అమ్మోనియం మాలిబ్డేటు కలుపుతారు. అది అకర్బన ఫాస్ఫేటుతో కలిసి ఫాస్ఫోమాలిబ్డేటు అవుతుంది. తరువాత అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణిని కలిపితే ద్రావణానికి నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. పరిమాణం ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణంతో ఈ రంగును కలరీమీటరులో పోల్చి భాస్వరాన్ని లెక్కగడతారు.

ఈ పద్ధతిలో మరొక సౌకర్యం ఉంది. మాలిబ్డేటు అకర్బన ఫాస్ఫేటుతో మాత్రమే స్పందిస్తుంది. కర్బన పదార్థాలతో బంధించబడిన భాస్వరాన్ని కొలవాలంటే నమూనాను ముందుగా గాఢ ఆమ్లంతో వేడి చేసి ఆ పదార్థాన్ని పూర్తిగా విచ్ఛిన్నం చేయాలి. కాబట్టి ఒకే నమూనాను విచ్ఛిన్నం చేయకముందు ఒకసారి, చేసిన తరువాత ఒకసారి కొలిస్తే రెండింటి తేడా కర్బన భాస్వరం అవుతుంది. కొద్దిపాటి రక్తంతో, మామూలు పరికరాలతో చేయగలిగిన ఈ పరీక్ష ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రులలోను, కళాశాలలలోను వాడుకలోకి వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన పరిశోధనా పత్రాలలో ఇది ఒకటి.

ఫాస్ఫోక్రియాటిన్

ఈ పద్ధతిని కండరాలపై ప్రయోగించినపుడు ఒక చిక్కు ఎదురయింది. రక్తం నమూనాలలో నీలిరంగు అనుకున్న వేగంతో ఏర్పడి స్థిరపడింది. కండరాల నుండి తీసిన ద్రావణంలో మాత్రం రంగు ఆలస్యంగా, అంతకంతకు పెరుగుతూ వచ్చింది. దీనిని పద్ధతిలోని లోపంగా భావించి వదలివేయవచ్చు. ఫిస్కే, సుబ్బారావు అలా చేయక, రంగు పెరిగే తీరును నిమిషాల వారీగా పరిశీలించారు. మాలిబ్డేటు ద్రావణంలోని ఆమ్లం వలన కండరంలోని ఏదో ఒక అస్థిర పదార్థం మెల్లగా విడిపోయి ఫాస్ఫేటును వదులుతున్నదని వారు గ్రహించారు.

దీనివలన అంతకుముందు వారు కండరంలో కొలిచిన అకర్బన ఫాస్ఫేటు లెక్కలు సందేహాస్పదమయ్యాయి. ఆ ఫాస్ఫేటులో చాలా భాగం బ్రతికి ఉన్న కండరంలో అకర్బన రూపంలో లేదు. కండరాన్ని కోసి, నలిపి, ఆమ్లంలో ఉంచిన తరువాత అది పుట్టింది. అంటే ఇంతకాలం కొలుస్తున్నది కండరాన్ని కాదు, చెడిపోయిన నమూనాను. విచ్ఛిన్నం కాకుండా త్వరగా చల్లబరచి తీసిన నమూనాలలో వారు ఆ అస్థిర పదార్థాన్ని వేరు చేయగలిగారు. అది క్రియాటిన్, ఫాస్ఫారిక్ ఆమ్లాల కలయికతో ఏర్పడిన ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లాండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఈ పదార్థపు ఉనికిని స్వతంత్రంగా గుర్తించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు.

పిల్లి కండరాలపై చేసిన ప్రయోగాలలో కండరం పని చేసినపుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందని, విశ్రాంతి తీసుకున్నపుడు తిరిగి పెరుగుతుందని తేలింది. అప్పటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం వేరు. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వలననే కండరానికి శక్తి లభిస్తుందని నమ్మేవారు. కండరాలపై పరిశోధనలకు 1922 సంవత్సరపు వైద్య నోబెల్ బహుమతి ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్ లకు లభించింది. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా అడ్డుకున్నా కండరం సంకోచించగలదని చూపడంతో పాత సిద్ధాంతం పడిపోయింది. శాస్త్రజ్ఞుల దృష్టి భాస్వర పదార్థాల వైపు మళ్ళింది.

ఎటిపి

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి మరొక భాస్వర పదార్థాన్ని వేరు చేసినట్లు ప్రకటించారు. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఎటిపి. అదే సంవత్సరం జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కార్ల్ లోమాన్ కూడా దీనిని స్వతంత్రంగా కనుగొని కొద్ది వారాల ముందే ప్రచురించాడు. అందువలన ఈ ఆవిష్కరణ ఖ్యాతి ఇరుపక్షాలకు చెందుతుంది.

ఎటిపిలో ఎడినిన్ అనే క్షారం, రైబోస్ అనే చక్కెర, వరుసగా మూడు ఫాస్ఫేటు సముదాయాలు ఉంటాయి. చివరి రెండు ఫాస్ఫేటులు సులభంగా విడిపోతాయి. అవి విడిపోయినపుడు వెలువడే శక్తితో జీవకణం తన పనులు చేసుకుంటుంది. ఈ విషయాన్ని 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ సమగ్రంగా వివరించాడు. ఎటిపికి మరొక పాత్ర కూడా ఉంది. ఆర్ఎన్ఏ గొలుసు తయారయ్యేటప్పుడు కలిసే నాలుగు రకాల ఘటకాలలో ఇది ఒకటి. దీనిలోని చక్కెర నుండి ఒక ఆక్సిజన్ పరమాణువు తగ్గిన రూపం డీఎన్ఏ తయారీలో చేరుతుంది. ఆ విధంగా కండరశక్తి కోసం వెదకిన శాస్త్రజ్ఞుల చేతికి జన్యు పదార్థపు ముడిసరుకు కూడా చిక్కింది.

హార్వర్డులో చివరి సంవత్సరాలు

1930లో సుబ్బారావు హార్వర్డు నుండి పీహెచ్.డి. పట్టా పొందాడు. 1930లలో హానికర రక్తహీనతను నయం చేసే కాలేయ సారంలోని పదార్థాలను వేరు చేయడానికి కృషి చేశాడు. కాలేయం వంటి సంక్లిష్టమైన కణజాలం నుండి ఒక్కొక్క పదార్థాన్ని శుద్ధంగా రాబట్టడం, అది నిజంగా ఒక్క పదార్థమేనని నిరూపించడం ఈ పనిలో ముఖ్యమైన భాగం. ఈ అనుభవం తరువాతి కాలంలో విటమిన్ల పరిశోధనకు పునాది అయింది.

ఇంత కృషి చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. తన పేరును ఆవిష్కరణలతో ముడిపెట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా చేసే ప్రయత్నాలేవీ ఆయన చేయలేదు. ఆ విభాగంలోనే విద్యార్థిగా ఉండి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో ఒక సంగతి చెప్పాడు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని న్యూక్లియోటైడులను మరికొన్నేళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, అసూయ వలన కాబోలు ఫిస్కే ఆ ఫలితాలను వెలుగులోకి రానీయలేదని ఆయన అభిప్రాయం. న్యూక్లియోటైడులు అంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏల ఘటకాలే. ఎటిపి పత్రానికి తోడు ఆ పత్రాలు కూడా వచ్చి ఉంటే న్యూక్లిక్ ఆమ్లాల తొలి చరిత్రలో ఆయన స్థానం మరింత స్పష్టంగా ఉండేది.

లెడర్లీ సంస్థలో

1940లో సుబ్బారావు హార్వర్డు విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన ఔషధ విభాగం. కొద్దికాలంలోనే ఆయన పరిశోధనా విభాగానికి సంచాలకుడు అయ్యాడు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులతో కూడిన పెద్ద బృందాలకు ఆయన మార్గదర్శనం చేశాడు.

ఫోలిక్ ఆమ్లం: 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణులలో కనబడే ఒక రకమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని కనుగొన్నది. ఆ సారంలో ఉన్న పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా పేరు పొందింది. కాలేయంలో ఇది అతి స్వల్పంగా ఉంటుంది కనుక శుద్ధరూపంలో పొందడం చాలా కష్టమైన పని. లెడర్లీ బృందం దీనిని వేరు చేసి, నిర్మాణం కనుగొని, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ వ్యాధిలోను, గర్భిణుల రక్తహీనతలోను ఇది మంచి ఫలితాలనిచ్చింది. కణం డీఎన్ఏ తయారు చేసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అది లోపిస్తే ఎముక మజ్జలోని కణాలు సరిగా విభజన చెందలేక రక్తహీనత కలుగుతుంది.

అమైనోప్టెరిన్: ఫోలిక్ ఆమ్లం నిర్మాణం తెలిసిన తరువాత దానిని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా బృందం తయారు చేసింది. బోస్టన్ లోని పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వీటిలో ఒకటైన అమైనోప్టెరిన్ ను తీవ్రమైన రక్త క్యాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చాడు. వారిలో 10 మందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు ఇది నాంది. ఇదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్త క్యాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

డైఇథైల్ కార్బమజీన్: 1947లో వెలువడిన ఈ మందును హెట్రజాన్ అనే పేరుతో అమ్మేవారు. ఇది బోదకాలు వ్యాధిని కలిగించే ఫైలేరియా క్రిములను రక్తం నుండి తొలగిస్తుంది. సుబ్బారావు పుట్టిన గోదావరి ప్రాంతంలో ఈ వ్యాధి చిరకాలంగా పాతుకుపోయి ఉండేది. 1955లో భారత ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఈ మందే ప్రధాన ఆయుధం.

ఆరియోమైసిన్: లెడర్లీలో పనిచేసే వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నుండి వచ్చిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుండి ఈ యాంటీబయోటిక్ ను కనుగొన్నాడు. పదవీ విరమణ వయసు దాటిన డగ్గర్ కు ఈ పని అప్పగించినవాడు సుబ్బారావు. 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ తరగతి మందులలో మొదటిది. 1994లో సూరత్ లో ప్లేగు వచ్చినపుడు ఈ తరగతి మందులే విస్తృతంగా వాడారు.

వ్యక్తిగత జీవితం, మరణం

సుబ్బారావు అమెరికా వెళ్ళిన తరువాత తిరిగి భారతదేశానికి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. వారి కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. కొద్ది సంవత్సరాలలో వస్తానని వెళ్ళిన భర్త కోసం ఎదురుచూస్తూనే శేషగిరి జీవితం గడిచింది. ఆయన సాధించిన విజయాలకు ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

1923లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన భారతీయులకు అక్కడి పౌరసత్వం పొందే వీలు లేకుండా పోయింది. 1946లో చట్టం మారి అవకాశం వచ్చినా సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే మరణించాడు. ఆయన ఖాళీ సమయంలో విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆడంబరాలకు, సన్మానాలకు దూరంగా ఉండేవాడు.

1948 ఆగష్టు 8న పెర్ల్ రివర్ లో నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. ఫార్బర్ ఫలితాలు, ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే ఈ మరణం సంభవించింది.

న్యూక్లిక్ ఆమ్లాల పరీక్షలో భాస్వరం కొలత

డీఎన్ఏ, ఆర్ఎన్ఏ గొలుసులలో ప్రతి ఘటకానికి ఒక ఫాస్ఫేటు ఉంటుంది. డీఎన్ఏ బరువులో సుమారు పదో వంతు భాస్వరమే. మాంసకృత్తులలో చాలావాటిలో భాస్వరం ఉండదు లేదా చాలా తక్కువ. కాబట్టి కొవ్వులను, చిన్న అణువులను తొలగించిన నమూనాలో భాస్వరాన్ని కొలిస్తే న్యూక్లిక్ ఆమ్లం ఎంత ఉన్నదో లెక్కగట్టవచ్చు. 1945లో గెర్హార్డ్ ష్మిట్, సీగ్‌ఫ్రీడ్ థాన్‌హాసర్ ఈ సూత్రం ఆధారంగా ఒక పద్ధతి ప్రచురించారు. క్షారంలో ఆర్ఎన్ఏ ముక్కలవుతుంది, డీఎన్ఏ నిలిచి ఉంటుంది. ఈ తేడాతో రెండింటినీ వేరు చేసి, ఒక్కొక్క భాగంలోని భాస్వరాన్ని కొలిచేవారు. ఇటువంటి కొలతలకు చాలా ప్రయోగశాలలలో ఫిస్కే - సుబ్బారావు నీలిరంగు పద్ధతినే వాడారు. 1952లో హెర్షీ, ఛేజ్ తమ ప్రసిద్ధ ప్రయోగంలో వైరస్ డీఎన్ఏను గుర్తించడానికి రేడియోధార్మిక భాస్వరాన్ని ఎంచుకోవడానికి కూడా కారణం ఇదే. 1977లో వచ్చిన తొలి డీఎన్ఏ క్రమ నిర్ధారణ పద్ధతులలో కూడా గొలుసులను గుర్తించడానికి రేడియోధార్మిక భాస్వరాన్ని వాడారు.

తరువాతి కాలంలో ఇంకా సులభమైన పద్ధతులు వచ్చాయి. నేటి ప్రయోగశాలలలో జన్యుక్రమ నిర్ధారణకు ముందు సాధారణంగా మూడు విషయాలు పరీక్షిస్తారు.

మొదటిది శుద్ధత. న్యూక్లిక్ ఆమ్లాలు 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. మాంసకృత్తులు 280 వద్ద పీల్చుకుంటాయి. ఈ రెండింటి నిష్పత్తి డీఎన్ఏకు సుమారు 1.8, ఆర్ఎన్ఏకు సుమారు 2.0 ఉంటే నమూనా శుద్ధమైనదని భావిస్తారు. ఫినాల్, కొన్ని లవణాల వంటివి మిగిలిపోతే 230 వద్ద కాంతి శోషణ పెరుగుతుంది.

రెండవది పరిమాణం. కాంతి శోషణ డీఎన్ఏకు, ఆర్ఎన్ఏకు, విరిగిన ముక్కలకు తేడా చూపదు. అందువలన డీఎన్ఏకు అంటుకున్నపుడు మాత్రమే మెరిసే రంగులతో మళ్ళీ కొలుస్తారు.

మూడవది సమగ్రత. నమూనాను జెల్ లో విద్యుత్తు సహాయంతో నడిపిస్తే పొడవైన గొలుసులు వెనుక నిలిచి, ముక్కలు ముందుకు పరుగెడతాయి. చెడిపోయిన నమూనా స్పష్టమైన గీతగా కాక మసకగా పరచుకుంటుంది. ఆర్ఎన్ఏకు 1 నుండి 10 వరకు సమగ్రతా సంఖ్య ఇస్తారు. పది అంటే చెక్కుచెదరనిది.

ఈ పరీక్షల అవసరాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు సమీపాన ఒక ఆసుపత్రిలో తీసిన రక్తాన్ని హబ్సీగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) పంపవలసి ఉందనుకుందాం. దూరం కొద్ది కిలోమీటర్లే. కాని వేసవి ఎండలో గంటల తరబడి మంచు లేకుండా ఉంటే రక్తకణాలు పగిలి, వాటిలోని ఎంజైములు ఆర్ఎన్ఏను కత్తిరించివేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడితే అది తరువాత డీఎన్ఏ నకళ్ళు తీసే చర్యకు అడ్డుపడుతుంది. అటువంటి నమూనాను యంత్రంలో పెట్టినా క్రమం రాదు, లేదా తప్పుదారి పట్టించే ఫలితం వస్తుంది. ఒక జన్యువు చురుకుగా లేదని యంత్రం చూపితే అది రోగి శరీరంలోని సంగతా, దారిలో జరిగిన నష్టమా అన్నది తేలదు. 1920లలో పిల్లి కండరం విషయంలో ఎదురైన సందేహం సరిగ్గా ఇటువంటిదే. 2020లో కోవిడ్-19 వ్యాపించినపుడు సీసీఎంబీ నమూనాలను పరీక్షించడంతో పాటు వైరస్ జన్యుక్రమాలను కూడా కనుగొన్నది. అటువంటి పనిలో నమూనా తీయడం, నిల్వ చేయడం, చేరవేయడం అనే అంచెలకు యంత్రంతో సమానమైన ప్రాముఖ్యం ఉంటుంది.

గుర్తింపు

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. మరణించే నాటికి స్వదేశంలో ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే. 1953లో లెడర్లీకి చెందిన శాస్త్రజ్ఞుడు హెస్సెల్టిన్ ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన జ్ఞాపకార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. 1987లో ఎస్.పి.కె. గుప్తా ఆంగ్లంలో రాసిన జీవితచరిత్ర వెలువడింది. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పరీక్షను చాలా ఆసుపత్రులలో నేడు యంత్రాలే చేస్తున్నాయి. అయినా జీవరసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అనే పేరు నిలిచి ఉన్నది.